సముద్రం లేని ఊరికి సముద్రంతో పనేమిటి?

(రాయచోటిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక టీ తాగేటప్పుడు ఒక అక్క నన్ను పక్కకు పిలిచి, "సముద్రం యాడుండాది, మనం యాడుండాము? తాగేదానికే నీళ్ళు లేని ఊరికొచ్చి సముద్రం గురించి చెప్తావా మేడం?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. తీరప్రాంత, సముద్ర విజ్ఞానం మీద పనిచేసే ప్రాంతీయ నెట్‌వర్క్‌లలో మన వేదిక సభ్యత్వం అడగాలా వద్దా అన్నది ఈ రోజు మీరు తేల్చాలి. ఆ ప్రతిపాదన పెట్టింది నేనే. కాబట్టి ఆ అక్కకు సమాధానం చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

ముందుగా సముద్రం ఎక్కడుందో చూద్దాం. మనకు నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీద నుంచి వస్తాయి. పడమటి కనుమలు దాటేసరికి మేఘాల్లో ఉన్న నీరంతా అక్కడే కురిసి, మన దాకా వచ్చేది మిగిలిందే. అందుకే ఇది వానచాటు నేల అయింది. ఆ లోటు కొంతైనా తీరేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల. ఉమ్మడి కడప జిల్లాలో ఏడాది మొత్తంలో పడేది సగటున 700 మిల్లీమీటర్ల దగ్గర. అందులో ఒక పెద్ద వంతు బంగాళాఖాతం దయ. మాండవ్య నదిలో నీళ్ళు పారాలన్నా, బోరులో నీళ్ళు పైకి రావాలన్నా, శనక్కాయ ఊడలు దిగాలన్నా మూలం ఎక్కడో సముద్రం మీదే ఉంది.

పెరూ తీరంలో చేపలు పట్టేవాళ్ళు క్రిస్మస్ రోజుల్లో సముద్రపు నీళ్ళు వేడెక్కడం గమనించి, దానికి బాల ఏసు పేరుతో ఎల్‌నినో అని పేరు పెట్టుకున్నారు. శాస్త్రజ్ఞుల కంటే ముందు ఆ సంగతి తెలిసింది ఆ జాలర్లకే. ఆ పసిఫిక్ మహాసముద్రం వేడెక్కిన ఏడాది మన దగ్గర నైరుతి వానలు తగ్గే అవకాశం ఎక్కువ. 2023లో అదే చూశాం. విత్తనం అప్పు తెచ్చి వేసి, మొలక ఎండిపోయాక, ఆ అప్పుకు సంఘంలో సంతకం పెట్టింది ఎవరు? మీరే కదా. సముద్రం మీద రాసిన లెక్క మీ పొదుపు పుస్తకంలోకి అట్లా వచ్చి చేరుతుంది.

ఇంకో సంగతి. ఈ గదిలో కువైట్‌కు పోయొచ్చిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను అడగను. ఇంట్లో ఒక్కరైనా పోని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే చేతులు తక్కువే లేస్తాయి. కరువు మనల్ని సముద్రం దాటించింది. పరాయి ఇళ్ళల్లో పాచిపని చేసి పంపిన డబ్బుతో ఇక్కడ గోడలు లేచాయి. సముద్రం మనకు తెలియదని అనుకునేది మనం మాత్రమే.

ఒక నవంబరు తెల్లవారుజాము

ఇప్పుడు నా గురించి ఒక సంగతి చెప్పాలి. చెప్పడం నాకంత సులభం కాదు.

2021 నవంబరులో ఇటువైపు ఒక గ్రామానికి సర్వే పని మీద రావాల్సి ఉంది. పద్దెనిమిదో తేదీన బయల్దేరాలి. అంతకు ముందు రోజు టీవీలో వాతావరణ వార్తలు చూశాను. బంగాళాఖాతంలో వాయుగుండం, దక్షిణ కోస్తాకూ రాయలసీమకూ భారీ వర్షాలు అన్నారు. మ్యాపు చూశాను. బస్సులు ఆగిపోతాయేమో అనుకుని ప్రయాణం వాయిదా వేసుకున్నాను. మా ఇంట్లో కొవ్వొత్తులు, పాలు తెచ్చి పెట్టుకున్నాను. అంతే.

వాయుగుండం పందొమ్మిదో తేదీ తెల్లవారకముందే చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ వాన మన కొండల్లో కురిసింది. సుండుపల్లె మండలంలోని పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. ఆ నీళ్ళు కిందికి వచ్చి, తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు. ఆ పేర్లు మీకు నేను చెప్పక్కర్లేదు. కార్తీక పౌర్ణమి అది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. పశువులకు లెక్కే లేదు. పొలాల మీద ఇసుక మేట వేసింది.

తర్వాత వారం నేను ఆ ఊళ్ళకు సాయం పంచే బృందంతో వెళ్ళాను. ఇసుకలోంచి గిన్నెలు ఏరుకుంటున్న ఒకామె పక్కన కూచున్నాను. మాటల్లో, "నేను ఇటువైపే రావాల్సింది, తుపాను వార్త విని ఆగిపోయినాను" అన్నాను. ఆమె తలెత్తి చూసింది. "అయితే మీకు ముందే తెలుసు," అంది. ప్రశ్నలా అడగలేదు. కోపంగానూ అనలేదు. మళ్ళీ గిన్నెలు ఏరుకోవడంలో పడిపోయింది.

నిజమే, నాకు తెలుసు. కట్ట తెగుతుందని తెలియదు. అది ఆ వార్తలో లేదు. కానీ పెద్ద వాన వస్తోందని తెలుసు. ఆ ఊళ్ళల్లో నా ఫోనులో నంబర్లున్న వాళ్ళు ఉన్నారు. ఒక్కరికి కూడా ఫోను చేయాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. వాతావరణ సమాచారం అంటే నా ప్రయాణానికి పనికొచ్చే సమాచారం అని మాత్రమే నేను అనుకున్నాను. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఆడవాళ్ళ హక్కుల గురించి ఇన్నేళ్ళు మాట్లాడి, తెలిసిన సంగతిని పంచుకోవడం కూడా హక్కుల పనే అన్న విషయం నా తలకెక్కలేదు.

నవంబరు 19 అనగానే మన రాష్ట్రంలో పెద్దవాళ్ళకు ఇంకొకటి గుర్తొస్తుంది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చింది ఆ రోజే. పదివేల మంది దాకా పోయారు. అప్పుడు ఆకాశంలో ఇన్ని ఉపగ్రహాలు లేవు, ఊరూరా ఫోన్లు లేవు. నలభై నాలుగేళ్ళ తర్వాత అన్నీ ఉన్నాయి. వాన వస్తుందన్న మాట మాత్రం చెయ్యేటి ఒడ్డున నిద్రపోతున్న ఆడదాని దాకా, "లేచి గట్టెక్కు" అన్న మాటగా మారి చేరలేదు. మన ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఆ విజ్ఞానం ఎవరు తయారు చేస్తారు?

సముద్రం సంగతి తెలుసుకునేందుకు ఇప్పుడు పెద్ద ఏర్పాటే ఉంది. నడిసముద్రంలో లంగరు వేసిన బోయాలు గాలినీ, నీటి వేడినీ కొలుస్తుంటాయి. ఆర్గో అనే తేలియాడే పరికరాలు రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకొచ్చి, తాము కొలిచిన వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహానికి పంపుతాయి. ఆ లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. మన దేశంలో ఈ పనికి పెద్ద కేంద్రం హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్. సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్ర కేంద్రం ఉండొచ్చట. సముద్రం లేని రాయచోటి నుంచి సముద్రం గురించి మాట్లాడితే మాత్రం వింతగా ఉంటుంది! చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేది ఆ కేంద్రమే. 2004 సునామీ తర్వాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైందీ అక్కడే.

అయితే సముద్రానికి దేశాల సరిహద్దులు తెలియవు కాబట్టి ఏ ఒక్క దేశమూ దాన్ని కొలవలేదు. అందుకే నెట్‌వర్క్‌లు పుట్టాయి. యునెస్కో ఆధ్వర్యంలోని ప్రపంచ సముద్ర పరిశీలన వ్యవస్థలో భాగంగా, హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న సంస్థలు కలిసి 2002లో మారిషస్‌లో ఐఓగూస్ అనే ప్రాంతీయ కూటమిగా ఏర్పడ్డాయి. దాని సచివాలయాన్ని ఇన్‌కాయిస్‌లోనే పెట్టారు. ఒప్పందపత్రం మీద సంతకం చేసి సంస్థలు అందులో చేరతాయి. అవతలి ఒడ్డున, ఆఫ్రికా వైపు, 1993లో జాంజిబార్ కేంద్రంగా వియోమ్సా అనే సంఘం ఏర్పడింది. అందులో సంస్థలే కాదు, వ్యక్తులు కూడా సభ్యత్వం తీసుకోవచ్చు. సముద్ర విజ్ఞానంలో పనిచేసే స్త్రీలు దాని అండతో తమకంటూ ఒక వేదిక కూడా ఏర్పరచుకున్నారు.

ఈ రెండో సంగతి నాకు ముఖ్యం అనిపించింది. నౌకల మీద ఆడవాళ్ళకు చోటు లేదన్న సాకుతో ఎంతోకాలం వాళ్ళను సముద్ర పరిశోధనకు దూరం పెట్టారు. మన దేశం నుంచి సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్త సేన్‌గుప్తా అంటార్కిటికా యాత్రకు వెళ్ళింది 1983లో. అంతకు ముందు మన దేశపు ఆడవాళ్ళెవరూ ఆ యాత్రల్లో వెళ్ళలేదు. శాస్త్రవేత్తలైన ఆడవాళ్ళకే ఇంత ఆలస్యమైతే, శాస్త్రం ఎవరి కోసం పనిచేయాలో ఆ ఆడవాళ్ళ వంతు ఎప్పుడొస్తుంది?

హెచ్చరికకు కూడా లింగభేదం ఉంది

2004 సునామీలో తమిళనాడు లెక్కలు ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో బయటపెట్టింది. నాగపట్నం జిల్లాలో చనిపోయిన స్త్రీలు 2,406 మంది, పురుషులు 1,883 మంది. కడలూరులో స్త్రీలు 391, పురుషులు 146. అల మనిషిని చూసి కొట్టలేదు. మగవాళ్ళలో చాలామంది లోతు సముద్రంలో పడవల మీద ఉన్నారు. అక్కడ అల ఎత్తు తెలియదు. ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూ, ఇళ్ళల్లో పిల్లల్ని పట్టుకుని ఉన్నారు. చీర కట్టుతో పరిగెత్తలేకపోయారు. ఈత నేర్పిన వాళ్ళెవరూ లేరు.

ఆ తర్వాత నేను నా పరిశోధన కోసం ప్రకాశం జిల్లా తీర గ్రామాల్లో తిరిగాను. నా ప్రశ్నావళిలో వృత్తి అని ఒక గడి ఉండేది. తెల్లవారుజామున మూడింటికి లేచి, చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని పది ఊళ్ళు తిరిగి అమ్మి, మిగిలింది ఎండబెట్టే ఆమెకు ఎదురుగా ఆ గడిలో నేను "గృహిణి" అని రాసుకున్నాను. ఎందుకంటే ఆమె భర్త అట్లా చెప్పాడు. మూడో ఊరికి వెళ్ళాకగానీ నా తప్పు నాకు తెలియలేదు. వేట నిషేధ కాలంలో ఇచ్చే భృతి కూడా పడవ మీద వేటకు పోయేవాళ్ళ లెక్కతోనే నడుస్తుంది. పడవ ఒడ్డున ఆగిపోతే గంప కూడా ఆగిపోతుందని ఆ లెక్కకు పట్టదు. ఈ విషయాన్ని ఇరవై ముప్పై ఏళ్ళుగా గట్టిగా చెబుతున్న వాళ్ళున్నారు. 1986లో తిరువనంతపురంలో ఏర్పడిన అంతర్జాతీయ మత్స్యకార్మిక మద్దతు వేదిక, మత్స్యరంగంలో స్త్రీల కోసమే 'యెమాయా' అనే పత్రికను 1999 నుంచి తెచ్చింది.

హెచ్చరిక పనిచేసిన కథ కూడా ఒకటి చెబుతాను. పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే మత్స్యకార గ్రామం ఉంది. 2004 డిసెంబరు 26న ఆ ఊరి కుర్రవాడొకడు సింగపూర్‌లో టీవీలో సునామీ వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. ఊళ్ళో స్వామినాథన్ ఫౌండేషన్ సాయంతో నడిచే సమాచార కేంద్రం ఉంది. దాని మైకులో ఊరంతటికీ వినిపించారు. ఊరు ఖాళీ అయింది, జనం బతికారు. అక్కడ అప్పటికి సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. ఉన్నవి మూడే. వలస వెళ్ళిన బిడ్డ, ఒక ఫోను, ఊరి చేతిలో ఉన్న మైకు. మనకు కువైట్ నుంచి రోజూ ఫోన్లు వస్తాయి. మైకులు కూడా ఉన్నాయి, గుళ్ళో, మసీదులో, పంచాయతీలో. వాటి తాళం మాత్రం ఏ ఒక్క ఆడదాని చేతిలోనూ లేదు.

వద్దన్న వాళ్ళ మాట

ఈ ప్రతిపాదన మీద నాలుగు నెలలుగా మన మధ్య వాదన జరిగింది. వద్దన్న వాళ్ళ మాటలు నేను తేలిగ్గా తీసుకోను.

ఒకరు, "మనది చిన్న వేదిక. ఇద్దరు ముగ్గురే పూర్తికాలం కార్యకర్తలు. భూమి కేసులు, గృహహింస కేసులు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు. వీటికే చాలడం లేదు" అన్నారు. నిజం. ఇంకొకరు, "ఆ నెట్‌వర్క్‌ల భాష ఇంగ్లీషు, సమావేశాలు విమానాల్లో. చివరికి ఒక్కరే, అదీ ఇంగ్లీషొచ్చిన మీరే తిరుగుతారు" అన్నారు. ఇది నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఇదీ నిజమే. మూడో మాట, "వాళ్ళు మన ఫొటోలు వాడుకుంటారు. 'సమాజ భాగస్వామ్యం' అని నివేదికలో రాసుకుంటారు. మన మాట వినరు." దీనికి కూడా అనుభవం సాక్ష్యం ఉంది.

అయినా నేను చేరదామనే అంటున్నాను. ఎందుకో చెప్పడానికి బయటి దేశాల ఉదాహరణలు అక్కర్లేదు. సారా ఉద్యమం ఎట్లా పుట్టింది? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ప్రభుత్వమే అక్షరాస్యత కార్యక్రమం పెట్టింది. దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడికి పోయింది చదువు నేర్చుకోవడానికి. కూర్చుని మాట్లాడుకున్నాక వాళ్ళకు తోచింది సారా దుకాణం మూయించాలని. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ బడి వాళ్ళు కట్టింది కాదు, ఆ పుస్తకం వాళ్ళు రాసింది కాదు. లోపలికి వెళ్ళి కూర్చున్నారు కాబట్టి దాన్ని తమది చేసుకున్నారు.

రెండో ఉదాహరణ మన జిల్లాలోదే. 2003 తర్వాత ఏడు కరువు జిల్లాల్లో, మన కడపతో సహా, రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్దతుతో నడిచింది. వానమాపకం చూసి రాసినవాళ్ళు, బోరులో తాడు వదిలి నీటిమట్టం కొలిచినవాళ్ళు ఇంజనీర్లు కాదు, ఊరి వాళ్ళే. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఈ యేడు ఎంత నీరుంది, ఏ పంట వేయొచ్చు అని ఊరంతా కూర్చుని లెక్క కట్టారు. కొలవడం మనకు రాదని ఎవరైనా అంటే ఆ రిజిస్టర్లు చూపించండి.

మనం ఏం తీసుకుపోతాం?

నెట్‌వర్క్ అంటే ఖాళీ చేతులతో పోయి, "మాకూ ఏమన్నా చెప్పండి" అని కూర్చునే చోటు కాదు. మన దగ్గర ఇవ్వడానికి ఉంది. బోయా నడిసముద్రం సంగతి చెబుతుంది, ఉపగ్రహం మేఘం సంగతి చెబుతుంది. ఆ మేఘం సుండుపల్లె కొండ మీద అర్ధరాత్రి ఎంత కురిసిందో, ఏ వంక ఎంత ఎత్తున పారిందో చెప్పేది అక్కడి మనిషి. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. 2021లో మన దగ్గర పడ్డ వానే రెండు రోజుల్లో నెల్లూరు దాకా పోయి, కొవ్వూరు దగ్గర జాతీయ రహదారిని కూడా కోసేసింది. మనం ఎగువన ఉన్నవాళ్ళం. మన దగ్గర రాత్రి పడ్డ వాన లెక్క, దిగువన ఉన్న మత్స్యకార అక్కకు తెల్లవారేసరికి ప్రాణం విలువ చేస్తుంది. ఆమె చూసిన సముద్రపు మార్పు మనకు విత్తనం విలువ చేస్తుంది. ఈ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇప్పటిదాకా ఏ తీగా లేదు. నెట్‌వర్క్ అంటే నా దృష్టిలో ముందుగా ఆ తీగ.

అందుకే నా ప్రతిపాదనను ఈ నాలుగు నెలల వాదన తర్వాత మార్చి పెడుతున్నాను.

ఒకటి. ముందు నెల్లూరు, ప్రకాశం తీరాల్లోని మత్స్యకార మహిళా సంఘాలతో మాట్లాడదాం. వాళ్ళతో కలిసి తప్ప ఏ గుమ్మమూ తొక్కొద్దు. సముద్రం పేరుతో వాళ్ళ ముందు నిలబడే హక్కు మనకు లేదు.

రెండు. వచ్చే జూను మొదటి వానకు పది ఊళ్ళల్లో వానమాపకాలు పెడదాం. చూసేది, రాసేది ఆడవాళ్ళు. ఆ రిజిస్టరు ఊరిది. ఎవరికిచ్చినా మన పేరుతో, మన అనుమతితో ఇస్తాం.

మూడు. రెండు సంఘాల పేరున హైదరాబాద్‌కు తెలుగులో లేఖ రాద్దాం. ఐఓగూస్ గుమ్మం మనలాంటి వాళ్ళను తలచుకుని కట్టింది కాదు. 'మీకు చోటు లేదు' అని జవాబు రావచ్చు. అప్పుడు ఎందుకు లేదో రాతపూర్వకంగా అడుగుదాం. అది కూడా ఒక పనే. వ్యక్తులకు సభ్యత్వమిచ్చే సంఘాల్లో చేరగలిగిన పరిశోధకులం మా సొంత డబ్బుతో చేరతాం. వేదిక నిధి ముట్టుకోం. అక్కడ విన్నది నెల తిరగకముందే తెలుగులో ఇక్కడ చెప్పాలి. చెప్పకపోతే నన్ను నిలదీయండి.

నాలుగు. ఏ సమావేశానికైనా వంతులవారీగా పోవాలి. మొదటి వంతు నాది కాదు. వెళ్ళే ఆమెతో చంటిబిడ్డ ఉంటే బిడ్డ ఖర్చు కూడా ప్రయాణ ఖర్చులో రాయాలి.

ఐదు. దీనికంతా ఏడాది గడువు. వచ్చే ఏడు ఇదే నెలలో కూర్చుని, పనికి రాలేదనిపిస్తే మానేద్దాం. చేరడం ఎంత హక్కో బయటికి రావడమూ అంతే హక్కు.

ఇందాకటి అక్కకు నా సమాధానం ఇది. అక్కా, మనం సముద్రం దగ్గరికి పోనక్కర్లేదు. అదే మన దగ్గరికి వస్తోంది. ఒక్కో ఏడు రాకుండా ఎండగడుతుంది, ఒక్కో ఏడు ఒక్క రాత్రిలో వచ్చి కొట్టుకుపోతుంది. అది బయల్దేరిన సంగతి ఎవరికో ఎప్పుడూ ముందే తెలుస్తోంది. 2021లో నాకు తెలిసింది, నా దగ్గరే ఉండిపోయింది. ఇసుకలో గిన్నెలు ఏరుకుంటూ ఆ తల్లి అన్న మాట ఈ రోజుకీ నా దగ్గరే ఉంది. ఇంకోసారి ఎవరూ మనతో ఆ మాట అనే పరిస్థితి రాకూడదు.

ఇక మీరు మాట్లాడండి. వద్దనేవాళ్ళు ముందు మాట్లాడితే మంచిది.

సెలవు.